మా నాయనమ్మ బైబిలూ, వాళ్ళ బైబిలూ

ఈ వ్యాసం రాయొద్దని నాకు ముగ్గురు చెప్పారు. ముగ్గురూ నా మేలు కోరేవాళ్ళే.

మొదటిది స్నేహితురాలు, కవయిత్రి. “ఇప్పుడు కాదు. 2008లో కంధమాల్ చూశాం, 2023లో మణిపూర్లో చర్చిలు తగలబడటం చూశాం. క్రైస్తవుల గురించి నువ్వు రాసే ప్రతి వాక్యాన్నీ కత్తిరించి వాళ్ళు వాడుకుంటారు” అంది. రెండోవాడు మా పెదనాన్న కొడుకు, పాస్టరు. “అక్కా, ఇంటి గుట్టు బజార్లో పెడతావా?” అన్నాడు. మూడో ఆయన నాతోపాటు పాతికేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన సహోద్యోగి, వామపక్షీయుడు. “అన్ని మతాలూ అంతే గదమ్మా, ఇందులో కొత్తగా రాయడానికేముంది?” అని నవ్వేశాడు.

“ఇప్పుడు కాదు” అన్న మాట దళిత స్త్రీగా నాకు చాలా పాత పరిచయం. విప్లవం వచ్చాక మీ సంగతి చూద్దామన్నారు. కులం పోయాక ఇంట్లో దెబ్బల సంగతి చూద్దామన్నారు. మన స్త్రీవాద సభల్లో కూడా, ముందు స్త్రీలుగా ఒక్కటవుదాం, కులం సంగతి తర్వాత, అన్న గొంతులు నాకు గుర్తున్నాయి. ఆ “తర్వాత” ఎప్పుడూ రాలేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. కత్తిరించి వాడుకునేవాళ్ళు నేను రాయకపోయినా కత్తిరిస్తారు. 1999లో స్టెయిన్స్‌నీ ఇద్దరు పసివాళ్ళనీ జీపులో తగలబెట్టినవాళ్ళు ఏ వ్యాసం చదివి ఆ పని చేశారు?

మాది ఒంగోలు దగ్గర పల్లె. మాదిగపల్లె. 1878లో, ధాత కరువు వెనకాల, గుండ్లకమ్మలో క్లౌ దొర మిషన్ వాళ్ళు జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ లెక్కలో మా ముత్తవ్వ ఉందని మా ఇంట్లో చెప్పుకుంటారు. నిజమో కాదో, ఆ రోజుల్లో బాప్తిస్మం పొందిన పల్లెల్లో మాదీ ఒకటి. కరువులో గంజి కోసం మతం మారారని ఎగతాళి చేసేవాళ్ళకి చిన్న సంగతి చెప్పాలి. కరువు ఉన్నన్నాళ్ళూ, కాలవ తవ్వకం పనులు నడిచినన్నాళ్ళూ ఆ దొర బాప్తిస్మాలు ఆపేశాడు. పని కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తగ్గుముఖం పట్టాక కూడా జనం వచ్చారు. ఎందుకొచ్చారో మా నాయనమ్మని అడిగితే, “ఆళ్ళు మనల్ని తాకేరు” అనేది. అంతే చెప్పేది.

మా నాయనమ్మ బైబిల్ ఉమన్. బైబిలు సంచీలో వేసుకుని, ఇంకో ఆడమనిషిని తోడు తీసుకుని పల్లెపల్లె తిరిగేది. మగదిక్కు లేకుండా మాదిగ ఆడది ఊళ్ళు తిరగడం, నలుగురి మధ్యలో నిలబడి పుస్తకం తెరిచి చదవడం - ఆ కాలంలో అది ఎంత మాటో ఈ పత్రిక పాఠకులకి నేను విప్పి చెప్పక్కర్లేదు. ఆమెకి బాగా ఇష్టమైన కథ సంఖ్యాకాండంలో సెలోపెహాదు కూతుళ్ళది. తండ్రికి కొడుకుల్లేరు. అయిదుగురు ఆడపిల్లలు మోషే ముందుకి పోయి, మా నాయన భూమి మాకెందుకు రాదని అడుగుతారు. మోషే దేవుణ్ణి అడిగితే, ఆ పిల్లలు చెప్పింది న్యాయమే, ఇచ్చెయ్యమంటాడు. సెంటు భూమి లేని ఆడవాళ్ళకి మా నాయనమ్మ ఈ కథ చెప్పేది! ఏ మిషనరీ దొరసాని ఆమెకి ఇది ప్రత్యేకంగా నేర్పి ఉండదు. తనే ఏరుకుంది.

ఇక్కడ ఇంకో ముక్క చెప్పాలి, అమెరికా కథకి ఇదే మూలం. 1845లో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలిపోయారు. బానిసలున్న యజమానిని మిషనరీగా పంపొచ్చా, పంపకూడదా అన్నది తగాదా. పంపొచ్చన్నవాళ్ళు దక్షిణాదిలో విడిగా సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకున్నారు. బానిసత్వాన్ని సమర్థించినందుకు వాళ్ళు క్షమాపణ చెప్పుకున్నది 1995లో, అంటే నూట యాభై ఏళ్ళకి. నెల్లూరికీ ఒంగోలుకీ వచ్చింది ఉత్తరాది మిషన్. వాళ్ళూ దేవదూతలేం కాదు. వాళ్ళ దొరతనం గురించి మా ఇంట్లోనే కథలు కథలుగా చెప్పేవాళ్ళు. కానీ మా నాయనమ్మ చేతికొచ్చిన బైబిలు ఏ చీలికకి ఏ పక్కనుంచి వచ్చిందో మర్చిపోకూడదు.

కొన్నేళ్ళ క్రితం డల్లాస్ దగ్గర మా చెల్లెలింట్లో ఆర్నెల్లున్నాను. ఆదివారం తెలుగు కూటం. శుక్రవారం సాయంత్రం ఆడవాళ్ళకి బైబిలు తరగతి. పులిహోర, చికెన్ కూర, ప్రార్థన మనవులు, వీసా కోసం ప్రార్థనలు - అంతా మన గుంటూరు వాతావరణమే. తరగతి పుస్తకం మాత్రం మనది కాదు. ఎవరో అమెరికన్ తెల్లాయన రాసినదానికి తెలుగు చేసిన జిరాక్సు కాయితాలు. అందులో ఒక బొమ్మ. పెద్ద గొడుగు క్రీస్తు. దాని కింద ఇంకో గొడుగు భర్త. దాని కింద చిన్న గొడుగు భార్య. అడుగున పిల్లలు. గొడుగు కిందనుంచి బయటికొస్తే తడిసిపోతావు, సాతాను చేతికి చిక్కుతావు. ఈ గొడుగు బోధని అమెరికాలో ఇంటింటికీ చేర్చినవాడు బిల్ గోథర్డ్. లక్షలమంది అతని సెమినార్లకి వెళ్ళారు. తన కింద పనిచేసిన అమ్మాయిల్ని వేధించాడని ముప్ఫై మందికి పైగా స్త్రీలు ఆరోపిస్తే 2014లో పదవి వదిలిపెట్టాడు. గొడుగు పట్టుకున్నవాడి సంగతి అది. ఆయనెవరో ఆ తరగతిలో ఎవరికీ తెలీదు. బొమ్మ మాత్రం సముద్రాలు దాటి వచ్చేసింది.

ఆ తరగతికి ఒకమ్మాయి వచ్చేది. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. భర్త వీసా మీద వచ్చింది. ఉద్యోగం లేదు, కారు నడపడం రాదు, బ్యాంకు కార్డు లేదు. ఆ ఏడాది ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్టు వేసుకునేది. ఎందుకో మనకి తెలుసు. పాస్టరు అయ్యగారికి చెప్పుకుంటే, ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయం చదవమనీ, నలభై రోజులు ఉపవాసముండి భర్త కోసం ప్రార్థన చేయమనీ చెప్పాడట. ఆ అధ్యాయం నేనూ చదివాను. భార్యలు లోబడమనే వాక్యానికి ముందున్న వాక్యంలో అందరూ ఒకరికొకరు లోబడమని ఉంది. అది జిరాక్సు కాయితాల్లో లేదు.

ఇదంతా ఒక కుటుంబం బాధ, దీనికీ రాజకీయ తీవ్రవాదానికీ సంబంధమేమిటని అడుగుతారు. నా వాదమంతా ఆ సంబంధం గురించే. అమెరికా ఇవాంజెలికల్ రాజకీయం ఏదో గర్భస్థ శిశువు మీద జాలితో పుట్టిందని వాళ్ళు చెప్పుకుంటారు, మనమూ నమ్ముతాం. అది అబద్ధం. 1971లో సెయింట్ లూయిస్‌లో సదరన్ బాప్టిస్టులు తీర్మానం చేశారు. అత్యాచారం జరిగినా, పిండంలో తీవ్రమైన లోపమున్నా, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యానికి హాని కలిగేట్టున్నా అబార్షన్‌కి చట్టం వీలు కల్పించాలని. 1973లో సుప్రీంకోర్టు రో తీర్పు ఇచ్చినప్పుడు వాళ్ళలో చాలామంది పెద్దగా పట్టించుకోలేదు. దాన్ని కాథలిక్కుల గొడవనుకున్నారు.

మరి వాళ్ళని వీధిలోకి లాగిందేమిటి? బడులు. 1954 తీర్పుతో ప్రభుత్వ బడుల్లో నల్లపిల్లలు, తెల్లపిల్లలు కలిసి కూర్చోవాలనేసరికి దక్షిణాది తెల్లవాళ్ళు సొంతంగా “క్రైస్తవ” బడులు పెట్టుకున్నారు. మన ఊళ్ళలో మాదిగ పిల్లలు బళ్ళోకొస్తే పిల్లల్ని మాన్పించిన పెద్దమనుషుల్లాగే. నల్లవాళ్ళని రానివ్వని బడులకి పన్ను మినహాయింపు కుదరదని 1971లో కోర్టు చెప్పింది. బాబ్ జోన్స్ యూనివర్సిటీ అని దక్షిణ కరొలినాలో ఒకటుంది. 1971 దాకా నల్ల విద్యార్థుల్ని చేర్చుకోలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు పెళ్ళయినవాళ్ళనే చేర్చుకున్నారు. ఎందుకంటే పెళ్ళికాని నల్లకుర్రాడు తెల్లపిల్లతో మాట్లాడతాడేమోనని! తర్వాత అందర్నీ తీసుకున్నా, జాతులు కలిసి ప్రేమించుకోవడాన్ని 2000 దాకా నిషేధించారు. 1976లో దాని పన్ను మినహాయింపు పోయింది. 1983లో సుప్రీంకోర్టు 8-1తో అది సరైనదే అంది. పాస్టర్లని ఆగ్రహంతో ఏకం చేసింది ఈ పన్ను గొడవేనని, ఆ ఉద్యమాన్ని కట్టినవాళ్ళలో ముఖ్యుడైన పాల్ వైరికే తర్వాత చెప్పాడు. తనూ ఇవాంజెలికల్‌గా పెరిగిన చరిత్రకారుడు రాండల్ బాల్మర్ దీన్ని విడమర్చి రాశాడు. మోరల్ మెజారిటీ పెట్టిన జెర్రీ ఫాల్వెల్ 1958లో జాతుల్ని విడిగా ఉంచాలని ప్రసంగం చేసినవాడే. అబార్షన్ మీద మొదటి ప్రసంగం చేసింది 1978లో. మరుసటేడే మోరల్ మెజారిటీ.

జాతి కట్టుబాటు కాపాడాలంటే స్త్రీ గర్భం మీద కాపలా ఉండాలి. ఇది అంబేద్కర్ కొలంబియాలో చదువుకుంటూ 1916లోనే కులం గురించి రాశారు. కులానికి ఆధారం లోపలి పెళ్ళిళ్ళని, దాన్ని నిలబెట్టేది ఆడదాన్ని అదుపు చేయడమేనని. పెళ్ళికాని నల్లకుర్రాణ్ణి రానివ్వని ఆ యూనివర్సిటీ నిబంధన చూశాక నాకు ఆయనే గుర్తొచ్చాడు. కులం లేని దేశమని మనవాళ్ళు మురిసిపోతూ విమానాలెక్కుతారు!

ఈ ఉద్యమాన్ని ఆడవాళ్ళు కూడా మోశారు. 1979లో బెవర్లీ లహే కన్సర్న్‌డ్ విమెన్ ఫర్ అమెరికా పెట్టింది. స్త్రీ పురుషులకి సమాన హక్కుల రాజ్యాంగ సవరణ రానివ్వకూడదని దేశమంతా తిరిగింది. ఇల్లే స్త్రీకి స్వర్గమని చెప్పడానికి ఆమె ఇంట్లో ఉండే తీరిక లేకుండా గడిపింది. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, మన దగ్గర కూడా మహిళా రిజర్వేషన్ నుంచి శబరిమల దాకా ఇలాంటి వదినగార్లు మైకు పట్టుకుని కనిపిస్తూనే ఉన్నారు. వాళ్ళకి అధికారం రుచి తెలుసు. తమకే ఉండాలనుకుంటారు, అంతే.

తర్వాత తుపాకులొచ్చాయి. 1993లో ఫ్లోరిడాలో డాక్టర్ డేవిడ్ గన్‌ని క్లినిక్ బయట కాల్చేశారు. 1994లో అదే ఊళ్ళో డాక్టర్ జాన్ బ్రిటన్‌నీ, ఆయనకి తోడొచ్చిన జేమ్స్ బారెట్‌నీ చంపిన పాల్ హిల్ ఒకప్పటి పాస్టరు. 2009 మే 31, ఆదివారం. కాన్సస్‌లో డాక్టర్ జార్జ్ టిల్లర్ తన చర్చిలో, వచ్చినవాళ్ళని ఆహ్వానించే పనిలో ఉండగా, ఒకడు నుదుటికి తుపాకి పెట్టి కాల్చాడు. చర్చిలో! దేవుడికోసమట! ఈ హంతకుల్ని పెద్ద సంఘాలు ఖండించాయి, అది నిజమే. కానీ ఏళ్ళ తరబడి ఆ డాక్టర్లని పసిపిల్లల హంతకులని, నాజీలని పులిపీఠాల మీంచి పిలిచిందెవరు? నోటితో విత్తి, చేతికి అంటలేదంటే ఎలా?

ఖండన సంగతి వచ్చింది కాబట్టి, వాళ్ళు దేన్ని ఎంత గట్టిగా ఖండిస్తారో చూద్దాం. 1998లో సదరన్ బాప్టిస్టులు తమ విశ్వాస ప్రకటనలోనే భార్య భర్తకి లోబడాలని చేర్చారు. 2000లో స్త్రీ పాస్టరుగా ఉండకూడదన్నారు. జీవితమంతా ఆ సంఘంలో ఉన్న మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆ ఏడాదే వాళ్ళతో తెగతెంపులు చేసుకున్నాడు. 2022లో ఒక విచారణ నివేదిక బయటికొచ్చింది. లైంగిక నేరాల ఆరోపణలున్న పాస్టర్లు, చర్చి పనివాళ్ళ పేర్లతో కన్వెన్షన్ ఉద్యోగి ఒకరు ఏళ్ళ తరబడి జాబితా దాచిపెట్టారు. 700 పైచిలుకు పేర్లు. బాధితులు ఫోను చేస్తే, ఒక్కో చర్చి స్వతంత్రం, మాకు వాటి మీద అధికారం లేదు అని చెప్పేవాళ్ళు. సరే. 2023 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో శాడిల్‌బ్యాక్ అనే మహా పెద్ద చర్చిని వెలివేశారు. తప్పేమిటంటే పులిపీఠం మీద ఒక స్త్రీని నిలబెట్టారు. దానికి మాత్రం అధికారం దొరికింది.

ఆ శుక్రవారం అమ్మాయికీ వాషింగ్టన్‌కీ ఉన్న దారి ఇదే. పైనున్న గొడుగుని ప్రశ్నించకూడదని, తన్నినా దేవుడు పెట్టిన అధికారమేనని ఇంట్లో చిన్నప్పటినుంచీ నేర్చుకున్న మనిషి, రేపు ఒక నాయకుణ్ణి చూపించి ఇతన్ని దేవుడు నియమించాడంటే ఏమంటాడు? మూడు పెళ్ళిళ్ళవాడు, ఆడవాళ్ళని ఎక్కడ పట్టుకుంటానో గొప్పలు చెప్పుకుంటే టేపు బయటపడ్డవాడు. 2016లో శ్వేతజాతి ఇవాంజెలికల్స్‌లో పదిమందికి ఎనిమిదిమంది అతనికే ఓటేశారు. ద్వంద్వ నీతి అని అందరూ వేళ్ళు కొరుక్కున్నారు. నాకైతే ద్వంద్వం ఏమీ కనపడలేదు. వాళ్ళు నేర్పింది అధికారాన్ని, పవిత్రతని కాదు. 2021 జనవరి 6న కాపిటల్ మీద పడ్డ గుంపులో యేసు పేరున్న జెండాలున్నాయి, సిలువలున్నాయి, ఉరికొయ్య కూడా ఉంది. సెనేట్ సభలోకి చొరబడి యేసు నామంలో ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన వీడియో చూసినప్పుడు నాకు వెన్ను జలదరించింది. ఆ మాటల తీరు, ఆ స్వరం ఎత్తుకోవడం మా కూటాల్లో నేను పుట్టినప్పటినుంచీ విన్నవే. 2025 జనవరిలో ఆ కేసుల్లో సుమారు 1,500 మందికి ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు. అదే ఏడాది ఆగస్టులో, ఐడహోకి చెందిన డగ్లస్ విల్సన్ కూటమి పాస్టర్లు స్త్రీల ఓటు హక్కు పోవాలని టీవీ కెమెరా ముందు చెప్పారు. ఇంటికొక ఓటు చాలట. ఆ వీడియోని రక్షణమంత్రి పీట్ హెగ్‌సెత్ మెచ్చుకోలుగా అందరికీ పంచాడు.

2022లో రో తీర్పు కొట్టేశాక ఏం జరిగిందో అందరికీ తెలిసిందే. అంతకుముందే, 2021 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో, అబార్షన్‌కి సాయపడినవాళ్ళ మీద ఎవరైనా దావా వేయొచ్చు, గెలిస్తే కనీసం 10,000 డాలర్లు. కారులో క్లినిక్‌కి దింపినవాళ్ళ మీద కూడా! గూఢచారులుగా ఉండమని పక్కింటివాళ్ళకి డబ్బిచ్చే చట్టం. ఇండియానాలో, ఇవాంజెలికల్ మైక్ పెన్స్ గవర్నరుగా ఉన్న రోజుల్లో, 2015లో భారత సంతతి మహిళ ఒకామెకి గర్భం పోయిన కేసులో 20 ఏళ్ళ జైలు శిక్ష వేశారు. వాడిన చట్టం గర్భిణీ స్త్రీలని దాడులనుంచి కాపాడటానికని చేసింది. మరుసటేడు పై కోర్టు పిండహత్య నేరాన్ని కొట్టేసింది, ఆమె బయటికొచ్చింది. మన ఆడపిల్లలకి అమెరికా సంబంధాలు చూసే తల్లిదండ్రులు జీతమెంతో అడుగుతారు గాని, ఏ రాష్ట్రమో అడగరు.

మా పాస్టరు తమ్ముడు, “వాళ్ళు నిజమైన క్రైస్తవులు కారక్కా” అంటాడు. ఒప్పుకోను. వాళ్ళు చదివేది మా బైబిలే, పాడేవి మా పాటలే. మావాళ్ళు కారని చేతులు దులిపేసుకుంటే ఆ జిరాక్సు కాయితాలు గుంటూరులో ఎవరు పంచుతున్నారో అడగడానికి మనకి హక్కుండదు. టీవీ చానళ్ళలో అమెరికన్ ఫక్కీలో అరిచే మన బ్రదర్స్‌ని చూడండి. వాక్యం చెప్పేది మగవాళ్ళు. పాటలు పాడేదీ, నేల ఊడ్చేదీ, దశమభాగం తెచ్చేదీ ఆడవాళ్ళు. బైబిల్ ఉమన్లు తిరిగిన పల్లెల్లో ఇవాళ ఆడమనిషి ప్రసంగం చేస్తానంటే పెద్దలు కమిటీ వేస్తున్నారు.

అన్ని మతాలూ అంతే అన్న సహోద్యోగికి ఒక పేరు చెప్తాను: ఫానీ లూ హామర్. మిసిసిపీలో పత్తి చేలల్లో కూలి. 1961లో ఆమెకి చెప్పకుండానే ఆపరేషన్‌లో గర్భసంచి తీసేశారు. 1963లో ఓటు హక్కు పనిమీద తిరుగుతుంటే వినోనా జైల్లో చావగొట్టారు. 1964లో దేశమంతా వినేట్టు ఆ సంగతి చెప్పింది. ఆమె బలమంతా బాప్టిస్టు చర్చి పాటల్లోంచే తెచ్చుకుంది. ఆమెకి అబార్షన్ అంటే గిట్టదు కూడా. అది నల్లజాతిని తుడిచిపెట్టే పన్నాగమనుకునేది. ఆమెకి జరిగింది గుర్తుంచుకుంటే ఆ అనుమానం ఎక్కడిదో తెలుస్తుంది. నేను ఆమెతో ఏకీభవించను. కానీ ఆమె తన నమ్మకాన్ని లాఠీ చేసి ఎవరి వీపునా ఆడించలేదు. అబార్షన్ వద్దనుకోవడం తీవ్రవాదం కాదు. ఇంకొకామె శరీరాన్ని రాజ్యానికి అప్పజెప్పడం తీవ్రవాదం. ఈ తేడా తెలీకుండా మతాలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే, హామర్‌నీ మా నాయనమ్మనీ కూడా ఫాల్వెల్‌కే రాసిచ్చినట్టవుతుంది. నేనివ్వను.

ఇక కవయిత్రి స్నేహితురాలి భయం. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు నుంచీ క్రైస్తవులైన మాదిగలు ఎస్సీలు కారు. మేం ఇక్కడ మైనారిటీ, మళ్ళీ అందులో అంటరానివాళ్ళం. టెక్సస్ తెల్ల పాస్టరుకి అక్కడున్న అధికారం మా పాక చర్చికి ఇక్కడ లేదు. ఈ రెంటినీ ఒక్కటిగా చూపించేవాళ్ళు అబద్ధమాడుతున్నారు. 2024లో హ్యూస్టన్ దగ్గర షుగర్‌ల్యాండ్‌లో తొంభై అడుగుల హనుమంతుడి విగ్రహం పెట్టినప్పుడు చర్చివాళ్ళు వెళ్ళి నిరసన చేశారు. మరుసటేడు సెనేట్‌కి పోటీచేస్తున్న ఒకాయన, ఇది క్రైస్తవ దేశం, అబద్ధ దేవుడి విగ్రహం ఎందుకన్నాడు. ఆ వార్త చూసి ఫోన్లలో ఉడికిపోయిన తెలుగువాళ్ళలో, ఇది హిందూ దేశం, చర్చిలెందుకని ఇక్కడి వాట్సాప్ గ్రూపుల్లో రాసేవాళ్ళు నాకు తెలుసు. నా పాత విద్యార్థులే కొందరు.

డల్లాస్‌లో నా ఆఖరి శుక్రవారం, పెద్దదాన్ని కదా అని సాక్ష్యం చెప్పమన్నారు. నేను సెలోపెహాదు కూతుళ్ళ కథ చెప్పాను. నాయనమ్మ చెప్పినట్టే, మన ఒంగోలు యాసలోనే. ఆ అయిదుగురి పేర్లూ చదివాను. పాస్టరు గారి భార్య, “వందనాలు ఆంటీ, చాలా బాగుంది” అని, గొడుగుల బొమ్మ ఉన్న పేజీ తియ్యమంది.

తర్వాత వంటింట్లో ప్లేట్లు కడుగుతుంటే ఆ అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. ఆ కథ ఎక్కడుందాంటీ అని అడిగింది. సంఖ్యాకాండం 27 అని చెప్పాను. చెయ్యి తుడుచుకుని ఫోన్లో రాసుకుంది. అప్పుడు దాని కిందే ఇంకో నంబరు కూడా రాయించాను, మా చెల్లెలికి తెలిసిన లాయరమ్మది.